ఒక వందోవంతు

మా ఇంటి మాటల్లో దానికి రెండు పేర్లు.
తాడు పేనితే జనపనార,
చిలుము నింపితే గంజాయి.
మధ్యలో గోడ ఎవరు కట్టారని
ఎవరూ అడిగిన గుర్తు లేదు.

ఇక్కడ, కెంటకీలో, సింథియానా ఊరి బయట
గోడ కట్టింది చట్టం.
ఇటుక లేదు, సున్నం లేదు.
ఒక సున్నా, ఒక చుక్క, ఒక మూడు.
నూటికి అంతవరకు పంట,
ఆపైన నేరం.

లెక్సింగ్టన్ ల్యాబులో తెల్లకోటు వేసుకుని
ఆ చుక్క దగ్గర కాపలా కాస్తాను.

ఆరిన్ హ్యాక్‌వర్త్‌ది ఇరవై రెండు ఎకరాలు.
ఒకప్పటి పొగాకు కొట్టం, ఇప్పటికీ ఘాటు వదల్లేదు.
మోకాళ్ల నొప్పుల నూనె చేసే కంపెనీతో ఒప్పందం.
ఒక కుక్క, పేరు టాన్సీ.

తొమ్మిదేళ్లు షెరిఫ్ జీపులో కొలువు చేసింది.
చట్టం మారిన ఏడు ఇంటికి పంపేశారు.
తప్పేమీ చెయ్యలేదు పాపం:
వాసన తగిలితే కూర్చోమన్నారు, కూర్చునేది.
నూనె మొక్కా మత్తు మొక్కా దాని ముక్కుకి ఒకటే.
కుక్కకి దశాంశాలు రావు.
డిప్యూటీగా చేసే ఆరిన్ కూతురు మార్లిస్
దాన్ని తెచ్చి పొలంలో వదిలింది.
ఇంకేముంది, ఇరవై రెండు ఎకరాల ముందు
పొద్దస్తమానం కూర్చునే ఉండేది.
"దీనికి జీతం బాకీ పడ్డాం" అని నవ్వేవాడు ఆరిన్.

సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయి.
కొసలు జానెడు కత్తిరించి కాగితం సంచుల్లో పట్టుకెళ్లే మనిషి
పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చాడు.
పూత మాత్రం ఎవరి కోసమూ ఆగదు,
ముదిరేకొద్దీ తేనెలా చిక్కబడుతుంది.

ఆరబెట్టాను. పొడి చేశాను. సీసాలో కలిపాను.
తెర మీద చిన్న గుట్ట లేచింది.
సున్నా పాయింట్ మూడు నాలుగు.
యంత్రానికీ చెయ్యి వణుకుతుందని చట్టం ఒప్పుకుంటుంది,
మూడు వందోవంతులు వదిలెయ్యమంటుంది.
వదిలేశాను.
ఇంకా ఒక వందోవంతు మిగిలింది.
మళ్లీ చేశాను. మళ్లీ అదే గుట్ట.

ఒక వందోవంతంటే ఎంత?
పులుసులో ఎక్కువైతే
మా అమ్మ నాలుక కూడా పట్టుకోలేని ఉప్పు.
గంజాయివనంలో తులసి మొక్క అంటారు గానీ
తులసి ఏ అంకె దగ్గర మొదలవుతుందో
మావాళ్లెవరూ చెప్పలేదు.
సంతకం పెట్టాను.

ల్యాబు ఎదుట పెట్రోలు బంకులో
చూయింగ్ గమ్ పక్కన మామిడిపండు రంగు జెల్లీలు.
అదే మొక్క రసం, ఇంకో గదిలో
ఇంకో పేరు పెట్టించుకుని వచ్చింది.
రెండు తింటే గోడలు నడుస్తాయట.
వయసు కార్డు చూపిస్తే చాలు, రసీదు కూడా ఇస్తారు.
నది దాటితే ఒహాయోలో ఇంకో లెక్క,
అటు టెనెసీలో మరొకటి.
ఎవరి సోల వాళ్లది.
నేను కాఫీ కొనుక్కుని వచ్చేశాను.

దున్నేసే రోజు అక్కడ నా పనేమీ లేదు.
వెళ్లాను.
ట్రాక్టరు వెనక పచ్చటి వాసన,
నిమ్మతొక్కలా, తడి మట్టిలా, కోపంలా.
ఆరిన్ నన్నేమీ అనలేదు.
టోపీ తీసి లోపలి చెమట పట్టీని చూస్తూ
ఒకటే అడిగాడు:
"ఆ పదకొండు రోజుల ముందు కోసుంటే
ఎంత వచ్చేది?"

తెలియదన్నాను.
తెలుసు. సుమారుగా తెలుసు.

చాళ్ల అంచున టాన్సీ లేచింది.
తిరగబడిన మట్టిని కాసేపు మూచూసి
ఎందుకో అక్కడ ఆగలేదు.
నా దగ్గరికి వచ్చింది.
చేతులు, స్కార్ఫు కొస, కోటు జేబు.
ఆపైన, నేర్పిన పద్ధతిలో,
వీపు నిటారుగా పెట్టి
నా ముందు కూర్చుంది.