తాలు

కార్పొరేషన్ వాళ్లు నన్నడిగింది ఒక్క వాక్యం.
బండి ఆపకుండానే చదివెయ్యాలి,
చదివినవాడు ఇంటికెళ్లి చెత్త వేరు చెయ్యాలి.
పదకొండు రాశాను.
"తడినీ పొడినీ కలపొద్దు, ఊరి పరువు తీయొద్దు"
అన్నదానికి సార్ తల ఊపారు.
నలభై ఫ్లెక్సీలు,
బ్రాడీపేట నుంచి సంగడిగుంట దాకా.

రెండు వారాలకి చూడ్డానికెళ్లాను.
ఇంటింటికీ పంచిన నీలం బకెట్లో బియ్యం పోసుకున్నారు.
పచ్చదాంట్లో కనకాంబరం మొక్క.
ఎర్రది స్నానాలగదిలో, మగ్గుతో సహా.
చెత్త మాత్రం ఎప్పట్లాగే
ఒక్క కవర్లో ముడిపడి గేటు కొక్కేనికి వేలాడుతోంది.
పాల ప్యాకెట్టూ, పప్పుచారూ, అయిపోయిన బ్యాటరీ
అన్నీ ఒకే చావు చచ్చినట్టు.

ఆటో మైకులో నా వాక్యం అరుస్తోంది.
వెనక నిలబడి ప్రకాశమ్మ ముడులు విప్పుతోంది.
"ముడి చూసి ఇల్లు చెప్తాను బాబూ.
మేడమీద టీచరుగారిది జంట ముడి,
దానికి పళ్లు కావాలి."
చూపుడువేలికి గుడ్డ.
"ఇదా? మొన్న ట్యూబులైటు."
కాసేపాగి తనే అంది:
"నీ రాతలో తప్పేం లేదులే.
చదివేవాళ్లకి చేతులు ఖాళీ లేవు,
నా చేతులకి చదువు రాదు."

సందు చివర, ఎండలో, నా ఫ్లెక్సీ.
నేల మీద, అక్షరాలు కిందికి.
దానిమీద గుట్టగా మిరపకాయలు.
చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు,
కిలోకి ఇంతని.
తుమ్మాను.
"ఏ ఊరు మీది?" అని నవ్వారు.
"ఇక్కడే పుట్టాను" అన్నాను, మళ్లీ తుమ్మి.

మస్తాన్‌బీ వేళ్లు చూశాను.
కళ్లు నా మీదే ఉన్నాయి, వేళ్లు పని మీద.
కాయ ఇటు, తొడిమ అటు,
తెల్లబారిన తాలు ఒడి పక్కకి.
చూడక్కర్లేదట. తాలు తేలికట,
పట్టుకుంటే ఎండుటాకులా గలగలంటుందట.
"కలిపి పోస్తే?"
"మొత్తానికీ తాలు ధరే కడతారు.
మా అబ్బాకి ఒకసారి అట్టాగే కట్టారు యార్డులో.
ఆ ఏడు నాకు చెప్పుల్లేవు."

ఆవిడ గుమ్మం పక్కన మేకుకీ
ముడేసిన కవరొకటి వేలాడుతోంది.
అటు చూశాను.
ఆవిడా చూసింది.
"అది చెత్త కదా" అంది, కొంచెం ఆలస్యంగా.
ఆటో అప్పుడే సందులోకి తిరిగింది.
ప్రకాశమ్మ గుడ్డ కట్టిన వేలు ముందుకి చాపింది కవరు కోసం.
మస్తాన్‌బీ ఇవ్వలేదు.
"ఆగు" అని, ఒళ్లో దుమ్ము దులిపి, కవరు పట్టుకుని
మెట్టు మీద కూచుంది.
మిరపకారం చేతుల్తోనే.

పన్నెండోది రాశాను సార్‌కి:
"తాలు ఏరినట్టు ఏరండి."
సార్‌ది వేరే జిల్లా.
"తాలంటే?" అన్నారు.
చెప్పాను.
"బాగుంది గానీ ప్రాస లేదు" అన్నారు.
పోనీలే, నలభై ఫ్లెక్సీలు మిగిలాయి.

రాత్రి మా ఇంటి కవరు పేపరు మీద కుమ్మరించాను.
మాదీ జంట ముడే.
కరివేపాకు, మాత్రల అట్ట, షాంపూ సాచెట్లు,
సగం తిన్న ఇడ్లీ, గడ్డం గీసుకున్న బ్లేడు
నేనే వేసింది, మూత లేకుండా.
అడుగున, చారులో నాని,
నా పదకొండు వాక్యాల చిత్తు కాగితాలు.
సిరా ఇంకా కనబడుతోంది.
చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
ఇవి తడా, పొడా?