డబ్బా వెనకపక్క

ట్రంకు రోడ్డు సూపర్ మార్కెట్లో
మూడో వరస ముందర ముప్పావు గంట నిలబడి ఉండా.
డబ్బాలన్నీ నవ్వతా ఉండాయి.
ఒకదాని మీద తేనె కారతా ఉంది,
ఒకదాని మీద గోధుమ కంకి
పెళ్లికొడుకు తలపాగాలో తురాయి మాదిరి.

పొగతోట డాక్టరమ్మ చీటీ చొక్కా జేబులో ఉంది.
బిళ్లల పేర్లేం లేవు దాంట్లో.
"పీచు" అని ఒక్క మాట, కింద రెండు గీతలు.
"పొద్దున పూట ఏం తింటారు మాల్యాద్రి గారూ?"
రాత్రి మిగిలిన తెల్లన్నం, లేకుంటే తెల్ల ఇడ్లీ,
కారం మాత్రం ఎర్రగానే ఉంటది అన్నా.
ఆమె నవ్వలా.

నాకు చత్వారం.
డబ్బా ముందరపక్క అక్షరాలు గుమ్మడికాయంత,
వెనకపక్కవి నువ్వుగింజలో సగం.
ధరలు అంటించే పిల్లను పిలిచా, షమీమంట పేరు.
"ఏడు ధాన్యాలని రాసుందే?" అంటే
"ఉండాయి తాతా, ఏడూ కలిపి చిటికెడు.
ముందు పేరు మైదా, రెండోది చక్కెర.
ఎక్కువుండేదాన్నే ముందు రాస్తారు."
పీచెంత? "నూటికి రెండు."
చక్కెర?
చావు కబురు చెప్పినట్టు మెల్లగా చెప్పింది:
"ముప్పై."

పెట్టేశా. ఇంకోటి తీశా. పెట్టేశా.
చాక్లెట్ దాన్ని తాకనే లేదు.

అడుగు అరలో, వంగితే మోకాలు పటుక్కుమనే చోట
బొమ్మ లేని అట్టపెట్టె, దుమ్ము పట్టి.
షమీమ్ తుడిచి చదివింది.
"గోధుమ తవుడు. పీచు నూటికి ఇరవై ఆరు.
మూడొందల నలభై రూపాయలు."

తవుడు!
నీకు తెలవదు షమీమ్,
స్టౌన్‌హౌస్‌పేట మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరం
నా పని అదే, పాలిషు.
గింజ ఒంటి మీద చొక్కా
నూలుపోగు మిగలకుండా ఒలిచే పని.
మొలగొలుకులు నా చేతి కిందనుంచి పోతే
మల్లెమొగ్గలు బస్తాకెత్తినట్టుండేది.
ఓనరు గుప్పెట్లో పోసుకుని లైటు కిందికి పట్టి
"ఇంకో పట్టు పట్టు మాల్యాద్రీ" అనేవాడు.
పట్టేవాణ్ణి.

ఒలిచింది ఏమయిందంటావా?
పడుగుపాడు పాలోళ్లు గోతాలకెత్తి తీసకపోయేవాళ్లు.
ఆ ఎనుములు ఏనాడూ
ఏ డాక్టరు దగ్గరా చీటీ రాయించుకోలా.
పొద్దున్నే, బ్రహ్మాండంగా...
సరేలే, ఆడపిల్లవి, నీకెందుకా ముచ్చట.

తెల్లారి కామాక్షమ్మ గిన్నెలో పోసి, పాలు పోసి
వాసన చూసి ముక్కు ముడిచింది.
"ఇదేంది, కుడితా?"
మూడొందల నలభై రూపాయల కుడితి అన్నా.
"నమిలి తిను, మింగబాక. చెంబుడు నీళ్లు తాగు,
లేకుంటే లోపల సిమెంటు గోడే."

దవడల్లో పాత బెల్టు మాదిరి కరకర.
ఆమె గడపలో కూర్చుని చూస్తా ఉండి
ఉన్నట్టుండి అనింది:
"మా కనిగిరి పక్క కొర్రన్నం తినేవాళ్లం.
కాపరానికొచ్చిన కొత్తలో వండితే
మీ అమ్మ, 'పిచ్చుకల మేత' అనింది.
నువ్వూ నవ్వినావు.
ఆ పొద్దు నుంచి వండలా."

నమలడం ఆపినా.
నలభై రెండు సంవత్సరాలు
ఒక్క మాట కూడా అనలేదే ఈ మనిషి.

"ఆదివారం మా తమ్ముడి దగ్గరికి బస్సుకి పోతా,
రెండు కిలోలు తెస్తా" అనింది.
"ఈ అట్టపెట్టె అయిందాకా తిను, డబ్బులు పోసినావుగా."

మెరిసేవి తీసుకోబాక మే, అన్నా.
గుప్పెట్లో పోసుకుని ఎండలో పట్టి చూడు.
మాసిన చొక్కా తొడుక్కోనున్న గింజనే తీసకరా.