తలుపు వేషం

డీజిల్ కాలనీ బడిల రేకుల హాలు.
గూడ్సు బండి పోతున్నంతసేపు
పాట ఆపి, నోరు తెరిచే ఉంచి
డబ్బాలు లెక్కపెడ్తరు పిల్లలు.
యాభై ఎనిమిది అయినంక
ఆపిన అక్షరం కాడ్నుంచే అందుకుంటరు.
కాజీపేట పిల్లలకు తాళం నేర్పే పని లేదు నాకు.

నాటకం పేరు నిద్రపట్టని రాజు.
పన్నెండు పాటలు, పంతొమ్మిది వేషాలు,
పేరిచ్చినోళ్ళు నలభై ఒక్కమంది.
చార్టు మీద పెన్సిల్‌తోనే రాస్తున్న.
రబ్బరు నా కొంగుకు ముడేసి ఉంది.

కాకికి ఎవరు ముందుకు రారనుకున్న.
తొమ్మిది చేతులు లేచినయి.
"కాకి ఎగురుతది గద టీచర్,
రాణి ఊకె కూసునే ఉంటది."
రాణిని బతిలాడి ఒప్పించాల్సొచ్చింది.
మాట అడిగితే నేల చూసే జైనబ్
కీచురాయి పాట అందుకోంగనే
కిటికీ అద్దం జిల్లుమన్నది.
గుడ్లగూబకు ముందరి పండ్లు ఊడిన రిత్విక,
"హూ" అంటే గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ.
ఉండనీ అన్న.

రాజుకు మాత్రం జూన్ నుంచే ఒక్క పేరు,
అజ్మీర చరణ్.
అప్పుడు వాడు పాడుతుంటే
హార్మోనియం సాంబయ్య సారు
మెట్ల మీద వేళ్ళు తీసి ఉత్తగ విన్నడు.

దసరా సెలవులు పోయి వచ్చిండు.
మూతి మీద సన్నగ మసి గీత.
మొదటి చరణం మంచిగనే ఎక్కిండు,
"నిదురా" అన్న కాడ గొంతు రెండైంది.
ఒక ముక్క పైకి, ఒక ముక్క కిందికి,
నడుమ ఎవరూ లేరు.
హాలంత నవ్వింది.
వాడూ నవ్విండు,
అందరికన్న ఒక్క క్షణం ఆలస్యంగ.

ఆ సాయంత్రమే కార్పొరేటర్ ఇంటి నుంచి ఫోను:
"రాజు ఖాళీ అయిందట గద మేడం,
మావోడు ఉన్నడు. కిరీటం మేమే తెప్పిస్తం."
ఎట్ల తెలిసిందో!
గొంతు పగిలిన వార్త గొంతుకన్న దూరం పోతది.

మేం చిందోళ్ళం.
మా ఇంట్ల వేషాలకు చార్టు ఉండేది కాదు.
మా నాయనమ్మ మల్లవ్వ
నలభై ఏండ్లు రాజు కట్టింది.
ఆమె మీసం దిద్దుకుంటే
మా తాత కూడ లేచి నిలబడేటోడట.
గొంతు పోయినంక
కిరీటం మా చిన్నమ్మ తల మీద పెట్టి
పద్నాలుగేండ్లు తెర పట్టింది.
చేతులు గుంజుతలేవా అవ్వా అంటే
"వేషగానికి వాని మాటే ఎరుక,
తెర పట్టినోళ్ళకు అందరిదీ ఎరుక" అన్నది.
అప్పుడు నాకు ఎనిమిదేండ్లు,
ఆ మాటకన్న ఆమె జేబుల బెల్లంముక్క మీదనే నా కన్ను.

చరణ్‌కు ఇదంత చెప్పలే.
చెప్తే ఓదార్పు లెక్క వినబడ్తది.
వాడు బల్లలు సర్దుతనని ఆగిపోయిండు.
సర్దిన బల్లలే మళ్ళ సర్దుతున్నడు.
చార్టు కాడికొచ్చి వేలుతో కిందికి దిగిండు,
మబ్బులు ముగ్గురు, భటులు ఇద్దరు,
చివరి వరుసల ఆగిండు.

"టీచర్, తలుపు కాడ అట్టముక్క అని రాసిన్రేంది?"
"రాజు గది తలుపు రా.
పదకొండుసార్లు తెరుచుకుంటది, మాటల్లేవు."

రెండు చేతులు చాపి గోడకు ఆనుకున్నడు.
ఒక చెయ్యి మెల్లగ తిప్పిండు.
కిర్ర్‌ర్‌ర్...
గొంతు ఎక్కడ రెండైందో
సరిగ్గ అక్కడనే పట్టి సాగదీసిండు.
సాంబయ్య సారు సంచి దించి
పెట్టె మళ్ళ తెరిచిండు,
ఆ మెట్టు ఈ మెట్టు నొక్కి చూసిండు.
"రెండింటి నడుమ ఉన్నదిరా ఇది,
నా పెట్టెల దొరకదు."

అట్టముక్కను రబ్బరుతో తుడిచిన.
రాజు ఎదురుంగ జాగ ఇంకా తెల్లగనే ఉంది.
రేపు ఫోను మళ్ళ మోగుతది,
నేను ఏమంటనో నాకే తెల్వది.
డిసెంబరుకల్లా వీని గొంతు
ఏ దిక్కుకు పోతదో అదీ తెల్వది.

"టీచర్, రాజు పండుకున్నంక
సప్పుడు చెయ్యకుంట మూసుకోవాల్నా,
సప్పుడు చేసుకుంట మూసుకోవాల్నా?"

చెప్పబోయేలోపు గూడ్సు వచ్చింది.
ఇద్దరం నోరు తెరుచుకోనే
లెక్కపెడుతున్నం.