పది డిగ్రీలు

ఫెయిర్‌బ్యాంక్స్‌లో రాత్రి షిఫ్టు నాది.
విశ్వవిద్యాలయం అంటే నాకు
పదిహేడు భవనాలు, నాలుగు బాయిలర్లు,
నేలకింద మనిషి వంగి నడిచే సొరంగాల్లో
దుప్పట్లు చుట్టుకున్న ఆవిరి గొట్టాలు.
పైన ఎవరేం చదువుతున్నారో తెలీదు గానీ
ఎవరికెంత వెచ్చన కావాలో తెలుసు.
గ్రంథాలయానికి ఇరవై.
కస్తూరి ఎద్దుల ఎముకలుండే గదికి పదహారు.
సంగీతం వాళ్ళకి ఇరవై ఒకటి,
లేకపోతే పియానో అలుగుతుందట.

జూన్ నెలాఖరున, చీకటి పడని ఒక రాత్రి
జూనో నుంచి బడ్జెట్ వచ్చింది.
గవర్నరు గీసిన గీత చాలా సన్నం,
పంటి సందున ఇరుక్కునేంత.

చమురు ధర పడిపోయింది, నిజమే.
మేం ఆదాయప్పన్ను కట్టం, అదీ నిజమే.
ఉన్నదల్లా మంచు కింద నల్లటి నూనె,
ఆ నూనె డబ్బుతో కూడబెట్టిన నిధి,
అందులోంచి ఏటా అక్టోబరులో
ఉయ్యాల్లో పసికందుకి కూడా ఒక చెక్కు.
చెక్కు పెంచుతామన్నవాళ్ళే గెలిచారు.
పెరిగినంతా ఎక్కడో తరగాలి కదా.
పప్పుబెల్లాల్లా పంచేశారని నేనంటే
"పప్పు మాది, బెల్లం మాది, నీకేం?" అని
మా బావమరిది కేకలేశాడు.
కాఫీ కలుపుతూ ఊరుకున్నాను.

ఆగస్టులో నా బల్ల మీదికి కాగితం:
"భూగర్భశాస్త్ర భవనం మూసివేయబడినది.
వేడి సరఫరా నిలుపుదల చేయగలరు."
రాసినాయన ఎండ కాసే ఊరివాడై ఉంటాడు.
నిలిపితే
నవంబరుకల్లా గొట్టాలు పగులుతాయి,
జనవరికి గోడలు.
ఇక్కడ దేన్ని మూసినా
దానికి తోడుగా కాస్త వేడి ఉంచి రావాలి.
పాఠం చెప్పని గదికైనా పది డిగ్రీలు.
ఇన్ని టన్నుల బొగ్గు, ఇంత ఖర్చు అని
లెక్కకట్టి పంపాను.
జవాబు లేదు.
ఎవరూ దిగని ఇంట్లో రోజూ ఎసరు పెట్టినట్టు
అప్పట్నుంచీ ఆవిరి పంపుతూనే ఉన్నాను.

ఎడ్నా నగియాక్ ఒకరోజు మెట్లు దిగి వచ్చింది.
ఇరవై మూడేళ్ళు కరగని నేల గురించి పాఠం చెప్పినావిడ.
వీడ్కోలు చెప్పడానికనుకున్నాను,
అట్టపెట్టెలున్నాయా అని అడగడానికట.
"ఆ కోతకి చెయ్యెత్తినవాళ్ళలో ఒకడు
నా క్లాసులో రెండో వరస.
బి ప్లస్ ఇచ్చాను," అంది.
ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి
నేనైతే తిట్టేవాణ్ణే.
ఆవిడ కొలిమి సందులోంచి మంట చూస్తూ
"ఇంకాస్త కష్టమైన ప్రశ్నలు అడగాల్సింది," అంది.
నవ్విందేమో,
ఫ్యాన్ల హోరులో వినపడలేదు.

అక్టోబరులో నా చెక్కు నాకూ వచ్చింది.
తిప్పి పంపేస్తానని జూన్‌లో ఒట్టేసుకున్నవాణ్ణి.
నాలుగు మేకుల టైర్లు కొన్నాను.
కొట్టు యజమాని హల్వర్ రసీదు చింపిస్తూ
కూతురి గురించి చెప్పాడు.
రాళ్ళ చదువు చదువుదామనుకుందట,
ఇక్కడ లేదు కనుక సియాటిల్ పోతుందట.
"చెక్కు సరిగ్గా సరిపోయింది
విమానం టికెట్టుకి," అన్నాడు.
కాసేపాగి,
"ఒకవైపుకి."

నిన్న రాత్రి మైనస్ నలభై.
ఫారెన్‌హీటూ సెల్సియసూ
ఒక్క మాట మీదికొచ్చే అంకె అదొక్కటే.
జూనోలో రెండు పక్షాలకీ
అలాంటిది ఇంకా దొరకలేదు.
సొరంగంలోంచి ఆ భవనంలోకి ఎక్కాను.
నల్లబల్ల మీద ఎడ్నా సుద్దగీతలు చెరగలేదు:
పైన ఏటా కరిగే పొర, కింద కరగనిది,
మధ్యలో ఒక బాణం, దాని పక్కన ప్రశ్నార్థకం.
కొక్కేనికి ఎవరిదో ఒంటి చేతితొడుగు.
గోడమీది ముల్లు పది దగ్గర నిలబడి ఉంది.

పన్నెండు చేశాను.

ఆ రెండూ ఎవరైనా అడిగితే
నా టైర్ల ఖాతాలో రాసుకోమనండి.