లోడున్నప్పటి ఎత్తు

ఎర్రగుంట్ల నాపరాయి మిషన్ల పక్కన
ముప్పై రెండేండ్లుగా నాది ఒకటే పని:
కమాన్ కట్టలో ఇంగొక పట్టీ ఎక్కించడం.
"ఉసేనయ్యా, ఇంగో టన్ను ఆగేట్టు చెయ్యి" అంటారు.
చేస్తా.
కొలిమిలో ఇనుము ఎర్రగా వంగుతాది,
బండి నడ్డి రోంత పైకి లేస్తాది,
మర్సనాడు ఆ లేచినంత మేరకూ రాయి పడతాది.

అట్లాంటి నా కాడికి
నాగసుబ్బయ్య కొడుకు గురుమోహన
పాత టూనాట్‌సెవెన్ తోలుకోనొచ్చి
"మామా, దీన్ని దించల్ల" అన్యాడు.
ఏం దించల్లరా, తొట్టి ఖాళీగానే ఉండాదే?
"లోడు కాదు మామా. బండినే."

నవ్వినా. పక్కన వెల్డింగు మస్తాన్ను పిల్చి
వానికి చెప్పి మళ్ళా నవ్వినా.
పిల్లోడు నవ్వలా.
జేబులోంచి సుద్దముక్క తీసి
నా షెడ్డు గోడ మీద గీత గీసినాడు, జానెడు కిందికి.
"ఈడికి రావల్ల."

యూ బోల్టులు తుప్పు పట్టి కరుచుకోనుండాయి.
డీజిలు పోసి ఒక రాత్రి నానబెట్టి
తెల్లారి కట్ట విప్పితే
ఏడు పట్టీలు,
పట్టీకీ పట్టీకీ నడుమ బూడిద రంగు పిండి.
ఇరవై మూడేండ్ల రాతిదుమ్ము
వానకు తడిసి ఎండకు బిగిసి
ఎనిమిదో పట్టీ అయి కూర్చోనుండాది.

ఆ ఏడింట్లో మూడు నేనెక్కించినవే.
నా సుత్తి దెబ్బ నాకు తెలీదా.
ఒకటి, బోరు ఎండిపోయిన ఏడు.
ఒకటి, పెద్దబిడ్డ నర్సింగు ఫీజుకు.
ఒకటి ఎందుకో నాగసుబ్బయ్య చెప్పలా,
అప్పు పెట్టి పోయినాడు. అది ఇప్పటికీ అప్పే.

మూడూ తీసేసినా.
ఇరుసు మీదుండే కమాన్‌ను ఇరుసు కిందికి మార్చినా.
ఇరుసు తగలకుండా ఛాసిస్‌ను
నెలవంక మాదిరి కోసి, మందం రేకు అతికినాడు మస్తాను.
ఈసారి వాడూ నవ్వలా.

రంగు మటుకు పిల్లోడే ఏసుకున్న్యాడు.
ఎరుపు కాదు, పచ్చ కాదు.
పాలిషు మిషను కింద నీళ్ళు పడతానే
బండ ఒక్క గడియ నల్లగా తేలతాదే, ఆ రంగు.
ఆరిపోని తడి.
దాన్ని కలిపించేదానికి ప్రొద్దుటూరికి నాలుగు తూర్లు తిరిగినాడు.
తొట్టి తలుపు సొట్టలు మాత్రం తట్టనీలా.

నాలుగో నాడు నాగసుబ్బయ్య వచ్చినాడు.
వక్క నముల్తా రెండు సుట్లు తిరిగి
"ఏందిబ్బీ, ఖాళీ బండికి ఈ కుంగుడేంది?
మనూరి రోడ్లు సూసినారా మీరు?"

అప్పుడు నోరిప్పినాడు పిల్లోడు,
వాళ్ళ నాయనతో కాదు, నాతో:
"రాత్రి పూట ఈ బండి లోడుతోనే ఇంటికొచ్చేది మామా.
నేను వాకిట్లో నిలబడుకోని సూస్తాంటి.
హెడ్‌లైటు సరిగ్గా నా కండ్లకు సమానం.
తెల్లారి నేను లేసే పాటికి పోయేది.
నాయనకు నడుం పోయి, రాయి దించి
బండిని ఊరికే నిలబెట్టినారు సూడు, ఆ పొద్దు
ఎవురిదో బండి అనుకున్న్యా."

నాగసుబ్బయ్య వక్క ఉమ్మి వచ్చినాడు.
డ్రైవరు పక్క సీటెక్కేదానికి
పాత లెక్కన కాలు పైకెత్తినాడు.
అంత ఎత్తు ల్యా.
కాలు గాల్లో తొక్కింది. తూలి,
తలుపు పట్టుకోని, కూర్చున్న్యాడు.

రైలుగేటు కాడ స్పీడుబ్రేకరు మింద
బండి కడుపు గరగరమని రాసుకునింది.
ఆడ్నుంచి ఇనపడింది ముసిలోని అరుపు:
"నిదానంరా, లోడుండాది!"

తీసిన మూడు పట్టీలూ గోడకు ఆనిచ్చినా, ఒక్క రాత్రి.
మర్సనాడే ఇంగో బండికి ఎక్కించినా.
రాయి ఆగదు గదా.