ఊదెటోళ్ళను ఇడిసిపెట్టిన్రట

రాత్రి రెండున్నరకు కొత్తవాడల
రెండు సప్పుళ్ళే మిగుల్తయి—
నా పంజా దెబ్బ, ఆయన ఈల.
కాజీపేట దిక్కు బండి కూసి పోయినంక
కట్టెతోని కరెంటు స్తంభాన్ని ఒక్కటి కొడ్తడు,
వచ్చిపోయిన అని సంతకం పెట్టినట్టు.

నెలకు ఇంటికి ఇరవై రూపాయలు.
గీతల నోటుబుక్కు, అండ్ల మా ఇంటి నంబరు,
అట్ట మీద ఎవలో రాసిచ్చిన పెద్దక్షరాలు: గూర్ఖా.
పదకొండేండ్లాయె.
ఇంకో పేరు ఉంటదని నేనూ అడగలే.

మొన్న వాన పడ్డ రాత్రి అరుగెక్కి నిలవడ్డడు.
గుంట మగ్గంల కాళ్ళు పెట్టి నేస్తున్న నేను,
ఎర్ర పట్టె, నల్ల పట్టె, పెండ్లోళ్ళ జంపఖానా.
శానసేపు చూసి
"పోగు తెగింది దీదీ" అన్నడు.
నా కంటికి అందకముందే ఆయన కంటికి అందింది.
"మా అమ్మమ్మది గూడ మగ్గమే.
నేను గూర్ఖాను కాదు దీదీ,
గూర్ఖాలు గెలిచిన ఊరోణ్ణి."

సగం హిందీ, సగం మన మాట,
మిగిలింది చేతులతోని చెప్పిండు.

గోర్ఖా అంటే గుట్ట మీద గుప్పెడు రాజ్యమట.
పన్నెండు వేల గడపలు, రాళ్ళ చెలకలు,
మక్కలు పండితే పండినట్టు, లేకుంటే పస్తు.
ఒకనాడు రాజు ఇంకో గుట్టెక్కి చూసిండు.
కింద లోయ, లోయల మూడు పట్నాలు,
ఎండకు మెరిసే రాగి కప్పులు.
ఇగ ఆయనకు నిద్ర పట్టలేదట.

ముందుగాల కత్తి పట్టలే, దారులు పట్టిండు.
ఉప్పు బందు. పత్తి బందు.
చాటెడు దూది మూట గట్టుకపోయినోణ్ణి
దారి పక్క చెట్టుకు యాలాడదీసిన్రట.

నా నాడె ఆగింది.
ఎనుమాముల మార్కెట్ల పత్తి గుట్టలు యాదికొచ్చినయి.
దూదికి ఉరి
మా దిక్కు కొత్త ముచ్చట కాదు.

"కీర్తిపూర్ మాది.
మొదటిసారి వచ్చిన్రు, ఓడిన్రు.
మల్ల వచ్చిన్రు, మల్ల ఓడిన్రు.
వాళ్ళు పారేసి ఉరికిన కత్తులు
ఇప్పటికీ గుడి గోడకు కొట్టి ఉంటయి, నేను చూసిన.
మూడోసారికి—
ముక్కులు కోసిన్రు. పెదవులు కోసిన్రు.
కోసినయి తరాజుల ఏసి తూచిన్రంటరు.
ఎంత తూగిందో అమ్మమ్మ చెప్పేది.
నేను చెప్పను, నువ్వు పొద్దుగాల అన్నం తినాలె.

సంటి పిల్లలను, సన్నాయి ఊదెటోళ్ళను మాత్రం
ఇడిసిపెట్టిన్రట.
గెలిచినోనికి బాజా కావాలె గద.
మా తాతల తాత ఊదెటోడు."

వాన సన్నవడ్డది.
ఆ తర్వాత పండుగ పూట తాగి తూలుతున్న ఒక పట్నం,
ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి,
తూర్పున తీస్తా ఏరు, పడమట సట్లెజ్—
తడి అరుగు మీద వేలితోని గీసుకుంట పోయిండు.
అరుగు సాలలే.
"ఈడిదాంక వచ్చిన్రు దీదీ"
అని నోటుబుక్కు అట్ట చూపెట్టి నవ్విండు.

నేనేమనాలె?
మా కోట గూడ కూలిందే.
తోరణాలు నిలవడ్డయి, టికెట్ కొని చూస్తరు,
సర్కారు కాయితాల మీద బొమ్మ ఏస్తరు.
అండ్ల కింద ఎవలెవలు పడ్డరో
మా ఇంట్ల చెప్పే అమ్మమ్మ లేకపాయె.
కూలకముందు మావోళ్ళూ ఊర్లకు ఊర్లు గెలిచిన్రట.
ఆ ఊర్లల్ల ఎన్ని మగ్గాలు ఆగినయో
అదీ ఎవలూ చెప్పలే.

పెన్ను తెమ్మన్న మనుమణ్ణి లేపి.
హే-రా-కా-జీ. మ-హ-ర్జ-న్.
ఒత్తు కాడ నేను తడబడితే
ఆయన మెల్లగ పలికి నిలవెట్టిండు.
నానిన అట్ట మీద నా రాత పాకింది.
కిందున్న గూర్ఖా మాత్రం చెక్కుచెదరలే.

ఎదురింటి సారయ్య పొద్దుగాలే అడుగుతడు,
గూర్ఖా రాత్రి వచ్చిండా అని.

తెగిన పోగు ముడేసి పంజా కొట్టిన.
సందు చివర ఈల ఇనవడ్డది.
రెండు పెదవులూ ఉన్న మనిషి
గట్టిగ ఊదిన ఈల.