మూడో అర

ఎగ్మూరులో రక్తనిధి పైఅంతస్తు.
ఏసీ నీళ్ళు బకెట్లోకి ఒక్కో చుక్క.
ఈ డిస్కుకి ఎనిమిది అరలు,
ఒక్కో అరలో ఒక్కో మనిషి తాళంచెవి.
సున్నా నాది.
మూడు ఎతిరాజులుది.

పోయిన నెల మానేశాడు.
జీతం దగ్గర మాటామాటా పెరిగి
మెడలో కార్డు తీసి
సగం తాగిన టీగ్లాసు కింద పెట్టి వెళ్ళాడు.
కార్డు మీద గుండ్రటి మరక ఇంకా ఉంది.
మూడో అరా ఉంది.

చెరపడానికి ఒక్క వరుస చాలు.
అతని పాస్‌వర్డ్ నాకు తెలియనక్కర్లేదు,
నాది చెల్లితే చాలు.
అందుకే ముందు నాది రెండుసార్లు కొట్టి చూసుకున్నాను.
ఆఖరి చెవి కూడా పోయిందంటే
తలుపు గోడైపోతుంది,
లోపల పదకొండేళ్ళ పేర్లు, గ్రూపులు,
ఓ నెగటివ్ కోసం అర్ధరాత్రి లేచొచ్చిన వాళ్ళ నంబర్లు.

నిజంగానేనా, అని అడిగింది యంత్రం.
అవునని పెద్దక్షరాల్లో కొట్టమంది.
కొట్టాను.

హమ్మయ్య అనుకున్నాక గుర్తొచ్చింది పెన్‌డ్రైవ్.
వాననీళ్ళు జనరేటర్ మెట్టు దాకా వచ్చిన రాత్రి
డిస్కు తలకట్టు మొత్తం
అందులోకి నకలు తీసింది నేనే.
తలకట్టు చెడితే ఏ అక్షరమూ చదవలేమని భయం.
ఇప్పుడు ఆ నకల్లో మూడో అర
చెక్కు చెదరకుండా కూర్చునుంది.

అర తుడిస్తే చెవి పోతుంది, తాళం మారదు.
ఆ నకలూ, ఎతిరాజులు జ్ఞాపకమూ
ఒకచోట కలిస్తే చాలు.
అతను దొంగ కాదు. నాకు తెలుసు.
తెలియడం వేరు,
తాళం వేరు.

రాత్రంతా కూర్చుని
ప్రతి పేరునీ, ప్రతి సంచీ లెక్కనీ
కొత్త తాళం కింద తిరగరాయించాను.
నూటికి నలభై దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కూస్తున్న పన్నెండు నిమిషాలూ
దేవుణ్ణి కాదు, బ్యాటరీని తలుచుకున్నాను.

తెల్లారి పెన్‌డ్రైవ్ పట్టుకుని కిందికెళ్ళి
వాచ్‌మన్ పొన్నుసామిని సుత్తి అడిగాను.
"ఎవరి మీదక్కా కోపం?" అన్నాడు.
నేలకేసి నాలుగు దెబ్బలు.
ఆకుపచ్చ పలక రెండుగా చీలి
ఒక ముక్క మోటార్‌బైక్ కిందికి దొర్లింది.
వంగి వెతికి, అదీ కొట్టాను.

నా పాస్‌వర్డ్ కూడా మార్చేశాను.
పాతది, నేను చేరిన రోజు
కుర్చీ పక్కకి జరిపి ఎతిరాజులు కుదిర్చినది:
వాళ్ళమ్మ మాగాయకి కొనే కాయల లెక్క,
మధ్యలో ఓ చుక్క.

కాఫీ తాగొచ్చి కూర్చున్నాను.
వేళ్ళు ఆ కాయల లెక్కే కొట్టాయి.
కాదంది.
మళ్ళీ అదే కొట్టాయి.